పదో తరగతి తప్పాక: ఇళ్లలో అడిగే ప్రశ్నలు, ఒక లెక్కల మాస్టారి జవాబులు

ఏప్రిల్ చివరి వారం వచ్చిందంటే నా ఫోనుకు తీరిక ఉండదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా దగ్గర పది తప్పినవాళ్లలో ఎక్కువమంది లెక్కల్లోనే తప్పుతారు కాబట్టి ఆ ఇళ్లవాళ్లు ముందు నాకే ఫోన్ చేస్తారు. 2025లో ఆంధ్రప్రదేశ్ టెన్త్ ఫలితాలు ఏప్రిల్ 23న, తెలంగాణవి ఏప్రిల్ 30న వచ్చాయి. ఏపీలో 81.14 శాతం, తెలంగాణలో 92.78 శాతం పాసయ్యారు. టీవీలో ఆ అంకెలే తిప్పి తిప్పి చదివారు. మిగిలిన శాతం మాత్రం తలుపులు దగ్గరగా వేసుకుని ఇంట్లో కూర్చుంది. ఆ ఏడాది ఒక్క ఏపీలోనే అలాంటి పిల్లలు లక్ష దాటారు.

ఏటా నన్ను అడిగే ప్రశ్నలు కాస్త అటూ ఇటూగా ఇవే. ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఇంటర్ మొదటి ఏడాది లెక్కలు 1బీ తప్పినవాణ్ణి. లెక్కల మాస్టారు లెక్కలు తప్పాడా అని మా పిల్లలు నవ్వుతారు. మీరూ నవ్వుకోవచ్చు.

రిజల్ట్ చూసి గంటయింది. ఇప్పుడు మేం ఏం చేయాలి?

ముందు అన్నం తినండి. పిల్లాడికి పెట్టండి, మీరూ తినండి. వాడు తినకపోతే మజ్జిగైనా తాగించండి. ఫలితాల రోజు చాలా ఇళ్లలో పొయ్యి వెలగదు. రాత్రి తొమ్మిదింటికి ఖాళీ కడుపులతో అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు.

తర్వాత సబ్జెక్టువారీ మార్కులు ఒక కాగితం మీద రాసుకోండి, ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ రోజుకు అంతకుమించి పని లేదు. "ఎందుకు తప్పావు?" అని ఆ రోజు అడగకండి. దానికి ఏ పిల్లాడి దగ్గరా జవాబు ఉండదు. గట్టిగా అడిగితే ఏదో ఒక అబద్ధం చెప్తాడు, దాని మీద ఇంకో గొడవ మొదలవుతుంది. అడగాల్సింది "ఎక్కడ పోయాయి?" అని. అదీ రెండో రోజు, మార్కుల కాగితం ముందు పెట్టుకుని. ఏ సబ్జెక్టులో, ఎన్ని మార్కుల తేడాతో, ఏ రకం ప్రశ్నల్లో? ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కింద నేను చెప్పేవాటిలో చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి.

మా వాడు గదిలోంచి బయటికి రావట్లేదు. ఎవరితోనూ మాట్లాడట్లేదు. భయంగా ఉంది.

మీకు భయం వేసిందంటే దాన్ని కొట్టిపారేయకండి. ఆ రెండు మూడు రోజులు వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. పక్కన కూర్చుని నీతులు చెప్పమని కాదు నేననేది. అదే గదిలో బట్టలు మడతపెట్టుకోండి, కూరగాయలు తరుక్కోండి. రాత్రి పక్కన ఎవరో ఒకరు పడుకోండి. పురుగుల మందులు, మాత్రల్లాంటివి ఇంట్లో ఉంటే మాట్లాడకుండా అక్కణ్ణుంచి తీసేయండి.

అనుమానం ఉంటే సూటిగా అడగండి: "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని పెద్దవాళ్లు జంకుతారు. అలా పుట్టదు. లోపల ఉంటే బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునన్నా, తల అడ్డంగా ఊపకుండా ఊరికే ఉండిపోయినా, ఆ రోజే సాయం తీసుకోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు పలుకుతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ ఇది. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలే సొంతంగా చేయొచ్చు, తల్లిదండ్రులూ చేయొచ్చు. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 ఉంది. మరీ కంగారుగా ఉంటే ఫోన్లతో ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇది చదువుతున్నది ఆ గదిలో ఉన్న నువ్వే అయితే, ఈ పేజీలో మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ఇప్పుడు లేచి ఇంట్లో ఎవరో ఒకరి దగ్గరికి వెళ్లి "నాకు బాగాలేదు" అను. ఆ రెండు మాటలు చాలు. ఇంట్లో చెప్పలేకపోతే 14416కి చెయ్.

రీకౌంటింగ్ పెట్టాలా, రీవెరిఫికేషన్ పెట్టాలా? తేడా ఏంటి?

రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడటం. అంతవరకే. రీవెరిఫికేషన్‌లో కూడికతో పాటు, దిద్దకుండా వదిలేసిన జవాబులు ఏమైనా ఉన్నాయా అని చూస్తారు. జవాబు పత్రం నకలు కూడా మీకు ఇస్తారు. రెండింటిలోనూ, ఒకసారి దిద్ది మార్కు వేసిన జవాబును మళ్లీ దిద్దరు. "నాలుక్కి మూడు వేయాల్సింది, రెండే వేశారు" అనే వాదన అక్కడ చెల్లదు.

ఈ మధ్య ఏళ్లలో రెండు రాష్ట్రాల్లోనూ టెన్త్‌కు ఒక్కో సబ్జెక్టుకు రీకౌంటింగ్ ఫీజు 500 రూపాయలు, రీవెరిఫికేషన్ ఫీజు 1,000 రూపాయలు ఉంటూ వచ్చింది. ఆ ఏటి ప్రకటనలో ఎంత ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో మీ హెడ్మాస్టర్ గారిని అడగండి. గడువు చాలా తక్కువ ఉంటుంది, దాటితే ఎవరూ ఏం చేయలేరు. రీవెరిఫికేషన్ పెట్టినవాళ్లు విడిగా రీకౌంటింగ్ పెట్టక్కర్లేదు.

ఎవరు పెట్టాలి? 32, 33, 34 దగ్గర ఆగినవాళ్లు పెట్టొచ్చు. మిగతా సబ్జెక్టుల్లో 80, 90 వచ్చి ఒక్కదాంట్లో నమ్మలేనట్టుగా 12 వచ్చినవాళ్లు తప్పకుండా పెట్టాలి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది. మళ్లీ చూస్తే వచ్చినవి 99. ఆ ఏడాది ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లల ప్రాణాలు పోయాయి. ఫెయిలైనవాళ్లందరి పేపర్లనూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది, వెయ్యిమందికి పైగా పాసయ్యారు. తెర మీద కనిపించే అంకె కూడా తప్పు కావచ్చు అనడానికి అంతకంటే చేదు ఉదాహరణ నాకు తెలీదు.

అన్ని సబ్జెక్టుల్లోనూ పాతిక లోపు వచ్చినవాళ్లు మాత్రం ఆ డబ్బును సప్లీకి చదువుకునే పుస్తకాల మీద పెట్టుకోవడం మేలు.

అసలు రీవెరిఫికేషన్‌లో నాకు నచ్చేది మార్కులు పెరగడం కాదు, ఆ నకలు. పోయిన మార్కులు ఎక్కడ పోయాయో అచ్చంగా కనిపిస్తుంది. ఒక ఏడాది మా బడి అబ్బాయికి 31 వచ్చాయి. నకలు తెప్పించి చూస్తే ఒక మార్కు ప్రశ్నలు 12 ఉంటే 7 ఖాళీ. రానివి కావు. "ఆఖర్లో రాద్దామనుకున్నాను సార్, గంట కొట్టేశారు" అన్నాడు. ఇంట్లో వాళ్లేమో వాడికి లెక్కలు రావని తేల్చేసి ట్యూషన్ మాస్టారి కోసం వెతుకుతున్నారు. సప్లీలో వాడు ఒక మార్కు ప్రశ్నలు ముందు రాశాడు. 46 వచ్చాయి.

రీవెరిఫికేషన్ ఫలితం వచ్చాక సప్లీ ఫీజు కట్టొచ్చా?

వద్దు. అది వచ్చేలోపు సప్లీ ఫీజు గడువు అయిపోతుంది. ఇది ముందు కట్టేయండి. మూడు సబ్జెక్టుల వరకు 110 రూపాయలు, అంతకు మించితే 125. సినిమాకు వెళ్తే అంతకంటే ఎక్కువే అవుతుంది. కట్టాక పాసైనట్టు తేలితే ఆ నూట పది పోయినా ఎవరూ బాధపడరు.

నాకు లెక్కల్లో 27 వచ్చాయి. సప్లీకి నెల కూడా లేదు. 35 తెచ్చుకోగలనా?

2025లో ఏపీ సప్లీ మే 19న మొదలైంది, ఫలితాలు వచ్చిన 26 రోజులకు. తెలంగాణలో జూన్ 3న, 34 రోజులకు. ఆ కాస్త టైములో లెక్కలంతా నేర్చుకోలేవు. నీకు కావాల్సింది లెక్కలంతా కాదు, ఇంకో ఎనిమిది మార్కులు. జారుడు ఉంటుంది కాబట్టి పదిహేను అనుకుని బయల్దేరు.

ఏపీ పేపరును కాగితం మీద విప్పి చూద్దాం. వంద మార్కులు, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఎనిమిది మార్కులవాటిలో ప్రతిదానికీ "లేదా" ఉంటుంది. ఇప్పుడు లెక్క కడదాం. ఒక మార్కువి 8 సరిగ్గా రాస్తే 8. రెండు మార్కులవి నాలుగు, 8. నాలుగు మార్కులవి మూడు, 12. ఎనిమిది మార్కులది ఒక్కటంటే ఒక్కటి, 8. మొత్తం 36. అంటే పేపర్లో సగానికి పైగా వదిలేసినా గట్టెక్కుతావు. ఈ కూడిక బోర్డు మీద వేసినప్పుడు పిల్లల ముఖాలు మారడం నేను ఏటా చూస్తాను. వంద మార్కుల కొండ అనుకున్నది నాలుగు మెట్లయి కనిపిస్తుంది.

అధ్యాయాల్లో దేనితో మొదలుపెట్టాలి? నా వరస ఇది. వేరే మాస్టార్లు ఒప్పుకోకపోవచ్చు.

మొదట సాంఖ్యక శాస్త్రం. సగటు, మధ్యగతం, బాహుళకం మూడూ పట్టిక గీసి, సూత్రం రాసి, అంకెలు వేసే పనే. కొత్తగా ఆలోచించాల్సింది ఏమీ ఉండదు. కూడిక తప్పినా పట్టికకూ సూత్రానికీ కొన్ని మార్కులు పడతాయి.

రెండోది సంభావ్యత. పాచికలు, నాణేలు, సంచిలో బంతులు, పేక ముక్కలు. ఈ పేక దగ్గరే ఒక తమాషా. పేక ముట్టకూడదని పెంచిన ఇళ్ల పిల్లలకు కట్టలో ఎన్ని ముక్కలో తెలియదు, ఇస్పేటు ఏదో ఆఠీను ఏదో తెలియదు. వాళ్ల తప్పేం లేదు. ఒక కట్ట కొని తెచ్చి, 52 ముక్కలు, నాలుగు రకాలు, రకానికి 13, రాజు రాణి జాకీ కలిపి 12 బొమ్మ ముక్కలు అని చేత్తో పరిచి చూపిస్తే పావుగంటలో అయిపోతుంది. మా అమ్మ బతికుంటే మాస్టారు పిల్లలకు పేకాట నేర్పుతున్నాడని తిట్టేది.

మూడోది నిరూపక జ్యామితి. దూర సూత్రం, విభజన సూత్రం, మధ్యబిందువు. నాలుగోది అంకశ్రేఢి: రెండే సూత్రాలు, ఎన్నో పదం, మొదటి ఎన్ని పదాల మొత్తం. ఆ తర్వాత త్రికోణమితిలో 0, 30, 45, 60, 90 డిగ్రీల పట్టిక. రోజూ పొద్దున పళ్లు తోముకున్నాక ఆ పట్టిక ఒకసారి చూడకుండా రాయి. వారంలో చేతికి వచ్చేస్తుంది. సిద్ధాంతాల నిరూపణలు, ఎత్తులు దూరాలు, ఘనపరిమాణాల పెద్ద లెక్కలు ఈ నెలకు పక్కన పెట్టు. అవి చెడ్డవని కాదు, ఇప్పుడు నీకు టైము లేదు.

ఇంగ్లీషు, సైన్స్ తప్పినవాళ్లకూ పద్ధతి ఇదే. పేపరు విప్పి, 35 ఏ ముక్కల్లోంచి వస్తాయో చూసుకోవాలి. ఏపీలో సెకండ్ లాంగ్వేజ్ హిందీకైతే 20 వస్తే చాలు. అది తెలియక హిందీ కోసం రోజంతా కూర్చునే పిల్లలు ఉన్నారు.

పుస్తకం చూస్తే అన్నీ వచ్చినట్టే ఉంటాయి, పరీక్షలో ఒక్కటీ గుర్తుకు రాదు. ఎందుకలా?

నువ్వు చూస్తున్నావు కాబట్టి. గైడులో చేసిన లెక్కను కళ్లతో చదివితే అర్థమవుతుంది, అర్థమయ్యేసరికి వచ్చేసిందనుకుంటాం. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఒకవైపు, చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాసినవాళ్లు ఒకవైపు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తిరగబడింది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. గుర్తుంటుందన్న ధీమా మాత్రం మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ. మన పిల్లల కష్టం సరిగ్గా అక్కడే ఉంది.

కాబట్టి ఒక లెక్క చూడు, పుస్తకం మూయి, తెల్లకాగితం మీద చెయ్. ఆగిపోయిన చోట తెరిచి ఆ ఒక్క మెట్టు చూడు, మళ్లీ మూయి. రేపు అదే లెక్క ఇంకోసారి, నాలుగు రోజులయ్యాక ఇంకోసారి. ఇలా రోజుకు ఆరేడు లెక్కలే అవుతాయి. పక్కవాడు రోజుకు యాభై చదివానని చెప్తాడు, చెప్పనీ. రాత్రి నిద్ర మానుకోకు.

చుట్టాలు ఫోన్లు చేసి "ఎన్నొచ్చాయి?" అంటున్నారు. ఏం చెప్పాలి?

నిజమే చెప్పండి, ఒక్క వాక్యంలో. "లెక్కల్లో పోయింది, సప్లీ కడుతున్నాం." అంతే, ఫోన్ పెట్టేయండి. పాసయ్యాడని అబద్ధం చెప్తే నెలంతా దాన్ని కాపాడుకోవాలి. తన గురించి ఇంట్లోవాళ్లే అబద్ధం చెప్పాల్సి వచ్చిందని పిల్లాడికి అర్థమవుతుంది, అది మార్కులకంటే లోతుగా గుచ్చుకుంటుంది. ఫోన్ పిల్లాడి చేతికి మాత్రం ఇవ్వొద్దు. పెళ్లిళ్లు ఈ నెలలోనే ఉంటాయి, వాడు రానంటే బలవంతం చేయకండి. కాలేజీల ఫ్లెక్సీలు ఊరంతా ఎలాగూ కనిపిస్తాయి, వాటికి మనమేం చేయలేం.

నేను తిట్టకపోతే వాడికి బాధ్యత ఎలా తెలుస్తుంది మాస్టారూ?

ఈ ప్రశ్న నాన్నలే అడుగుతారు. అడిగేవాళ్లలో చాలామంది ఫీజుల కోసం అప్పు చేసినవాళ్లు, ఎండలో పని చేసి వచ్చినవాళ్లు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఒక మాట. తిట్లు తినడం పిల్లాడికి సులభమైన పని. తల వంచుకుని పది నిమిషాలు నిలబడితే అయిపోతుంది, పాపం కడిగేసుకున్నట్టు ఉంటుంది. రీవెరిఫికేషన్ కాగితం తీసుకురావడం, హెడ్మాస్టర్ దగ్గరికి తానే వెళ్లి ఫీజు కట్టి రసీదు తేవడం, ఏ అధ్యాయంలో ఎన్ని మార్కులు పోయాయో రాసి మీకు చూపించడం కష్టమైన పని. బాధ్యత నేర్పాలంటే వాడితో ఆ పని చేయించండి. మీరు పక్కన నడవండి, ముందు నడవకండి.

నేను 1బీ తప్పినప్పుడు మా నాన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున సైకిలెక్కించుకుని కాలేజీకి తీసుకెళ్లి, బయట వేపచెట్టు కింద ఆగి, "నువ్వెళ్లి కనుక్కుని రా" అన్నాడు. లోపలికి రాలేదు. ఆ పాతిక అడుగులు నాకు ఇప్పటికీ గుర్తే.

ఒక్కటి మాత్రం ఎప్పటికీ వద్దు: అన్నతోనో, మేనమామ కూతురితోనో పోల్చడం. సప్లీలో పాసయ్యాక కూడా పిల్లలు ఆ మాట మర్చిపోరు.

శ్రీనివాస రామానుజన్ కూడా పరీక్ష తప్పాడట కదా, మా వాడికి ఆ కథ చెప్పనా?

చెప్పండి, కానీ మొత్తం చెప్పండి. సగం కథే చెప్తారు అందరూ. కుంభకోణం కాలేజీలో ఆయన లెక్కలు తప్ప మిగతావి పట్టించుకోక స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వైపు వెళ్లిపోయి, మన రాజమండ్రిలో నెలరోజుల దాకా ఉన్నాడు. ఆ తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష (ఇప్పటి ఇంటర్ లాంటిది) కూడా తప్పాడు. లెక్కల్లో అంతటివాణ్ణి కూడా మిగతా సబ్జెక్టులు వదల్లేదన్నమాట. తర్వాత ఏళ్ల తరబడి చేతిలో డిగ్రీ లేక, ఉద్యోగం లేక ఇబ్బంది పడ్డాడు.

అంచేత "రామానుజన్ తప్పలేదా" అని చెప్పి ఊరుకుంటే పిల్లాడికి ఒరిగేదేం లేదు. నాకైతే ఆ కథలో ఎప్పుడూ ఆ రాజమండ్రి నెలే మనసులో మెదులుతుంది. ఇంట్లో ఆ తల్లి ఎలా గడిపిందో. మీ అబ్బాయి ఇల్లు వదిలి వెళ్తాననే మాట సరదాగా అన్నా పట్టించుకోండి.

నేను పాసయ్యాను. కానీ 560 అనుకుంటే 471 వచ్చాయి. అందరూ "పాసయ్యావు కదా" అంటున్నారు. నా బాధ ఎవరికీ అర్థం కావట్లేదు.

నీ బాధ నిజమైనదే. తప్పినవాళ్లను చూపించి నీ నోరు మూయించడం సరికాదు. 600కి 360 దాటితే ఫస్ట్ క్లాసే అని చెప్పినా నీకు ఊరట కలగదని తెలుసు.

అయితే టెన్త్ మార్కులు ఎక్కడ పనికొస్తాయో తెలుసుకుంటే టెన్షన్ కొంత తగ్గుతుంది. ట్రిపుల్ ఐటీల్లో, అంటే ఆర్జీయూకేటీ క్యాంపస్‌లలో, సీట్లు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు. పోస్టాఫీసు గ్రామీణ డాక్ సేవక్ పోస్టులూ టెన్త్ మార్కుల మెరిట్ మీదే. అక్కడ ఈ 89 మార్కుల తేడా నిజంగా తగులుతుంది. ఎప్‌సెట్‌లో, జేఈఈలో, నీట్‌లో మాత్రం టెన్త్ మార్కులు ర్యాంకులోకి రావు. పాలిసెట్‌కు దాని ర్యాంకే. నువ్వు వెళ్లాలనుకున్న దారి వీటిలో ఏదో చూసుకో. ఆ 89 ఏ సబ్జెక్టులో ఎక్కువ పోయాయో కూడా చూడు. అది నువ్వు ఇంటర్లో తీసుకోబోయే సబ్జెక్టే అయితే ఈ వేసవిలో దాని పునాది సరిచేసుకో. కాకపోతే వదిలేయ్.

సప్లీ రాస్తే ఏడాది పోతుందా?

పాసైతే పోదు. అసలు ఆ పరీక్ష పెట్టేదే అందుకు. సప్లీ ఫలితాలు వచ్చాక కూడా జూనియర్ కాలేజీల్లో అడ్మిషన్లు జరుగుతూనే ఉంటాయి. పాలిసెట్ రాసి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లు టెన్త్ పాసైన మెమో చూపిస్తేనే సీటు. ట్రిపుల్ ఐటీ మాత్రం మొదటి ప్రయత్నంలో పాసైనవాళ్లకే, ఆ తలుపు మూసుకున్నట్టే. దాన్ని దాచిపెట్టి ఆశ పెట్టడం నాకిష్టం లేదు.

అమ్మాయి తప్పింది. ఇక చదువు మాన్పించి పెళ్లి చేసేద్దామంటున్నారు ఇంట్లో. నేను వాళ్ల అక్కని.

పదో తరగతి పిల్లకు పదిహేను, పదహారేళ్లు. 18 నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరం, 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం కింద చేసినవాళ్లకూ చేయించినవాళ్లకూ జైలు ఉంటుంది. ముందు మీ చెల్లి సప్లీ ఫీజు కట్టించమ్మా. పరీక్ష ముందుందంటే ఇంట్లో మాటలు కాస్త వెనక్కి తగ్గుతాయి. టీచర్లలో ఇంట్లోవాళ్లు మాట వినే మనిషిని ఒకసారి ఇంటికి పిలువు. మా బడిలో ఈ పని మా తెలుగు మేడమ్ చేస్తారు, నాకంటే ఆవిడ మాటే నెగ్గుతుంది. అయినా ముహూర్తం దాకా వెళ్తుంటే 1098కి చెప్పు.

సప్లీ కూడా పోతే?

వచ్చే మార్చిలో తప్పిన సబ్జెక్టులు మాత్రమే మళ్లీ రాయొచ్చు. పాసైనవి మళ్లీ రాయక్కర్లేదు.

ఓపెన్ స్కూల్ ఇంకో దారి. ఏపీలో సార్వత్రిక విద్యా పీఠం, తెలంగాణలో ఓపెన్ స్కూల్ సొసైటీ, దేశమంతటికీ ఎన్ఐఓఎస్ ఉన్నాయి. ఎన్ఐఓఎస్‌లో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి దాకా మార్కులు బదిలీ చేసుకోవచ్చు. ఒకసారి చేరితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు, ఒక్కో సబ్జెక్టుగా రాసుకోవచ్చు. చేరేముందు స్టడీ సెంటర్ అసలైనదో కాదో చూసుకోండి. "పరీక్ష రాయకుండానే పాస్ చేయిస్తాం" అనేవాడి దగ్గర రూపాయి కూడా పెట్టకండి.

చేతిపని మీద మనసున్నవాడైతే ఐటీఐలో వెల్డర్, వైర్‌మ్యాన్, ప్లంబర్ లాంటి ట్రేడ్లకు ఎనిమిదో తరగతి పాసైతే చాలు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్‌లకు పది పాసవ్వాలి. ఐటీఐకి వెళ్లినా పది వదిలేయొద్దనే నేనంటాను. పాస్‌పోర్టు నుంచి ఉద్యోగం దాకా పుట్టినతేదీకి ఆ మెమో పనికొస్తుంది.

సప్లీలో పాసైతే మెమో వేరేగా ఉంటుందా? తర్వాత ఉద్యోగాల్లో అడుగుతారా?

ఏ నెల, ఏ సంవత్సరం పరీక్షలో పాసయ్యావో మెమో మీద ఉంటుంది. మార్చి బదులు మే అనో జూన్ అనో ఉంటుంది, అంతే. ఇన్నేళ్లలో ఆ నెల గురించి ఏ ఇంటర్వ్యూలోనైనా అడిగారని మా పాత విద్యార్థులెవరూ నాకు చెప్పలేదు.

మెమో చేతికొచ్చిన రోజే పేరు అక్షరాలు, నాన్న పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోల్చి చూడండి. తేడా ఉంటే అప్పుడే హెడ్మాస్టర్ ద్వారా దిద్దించుకోవాలి. సప్లీ పాసైన సంతోషంలో ఇది చూడకుండా వదిలేసి, పదేళ్ల తర్వాత మళ్లీ బడి మెట్లెక్కినవాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురు వస్తుంటారు.